మధ్యయుగ యూరప్: నా క్లాసులో ఏటా వినే అపోహలు

డిగ్రీ విద్యార్థులకు యూరప్ చరిత్ర చెప్పడం నా ఉద్యోగం. మధ్యయుగాల (సుమారు 5 నుంచి 15వ శతాబ్దం వరకు) పాఠం మొదలుపెట్టే రోజు, "ఆ కాలం అనగానే మీకేం గుర్తొస్తుంది?" అని అడుగుతాను. మురికి, ప్లేగు, మంత్రగత్తెల్ని కాల్చడం, చీకటి యుగం... ఏటా ఇవే జవాబులు. పిల్లల తప్పేం లేదు, సినిమాలూ వెబ్ సిరీస్‌లూ వాళ్లకు చూపించింది అదే. అందుకే నేను ఆ కాలంవాళ్లు స్వయంగా రాసిపెట్టుకున్న రికార్డులతో మొదలుపెడతాను. పన్నుల జాబితాలు, వృత్తి సంఘాల నిబంధనలు, కోర్టు వాంగ్మూలాలు చదువుతుంటే ఆ మనుషులు మన వీధిలోవాళ్లలా కనిపిస్తారు.

అపోహ: అదంతా చీకటి యుగం

మా హనుమకొండ వేయి స్తంభాల గుడి శాసనం 1163 నాటిది. పారిస్‌లో నోటర్ డామ్ చర్చి కట్టడం మొదలైంది కూడా 1163లోనే అంటారు. ఈ మాట చెప్పాక పిల్లలు వినే తీరే మారిపోతుంది.

'చీకటి' అనే మాటను ప్రచారంలో పెట్టింది 14వ శతాబ్దపు ఇటలీ కవి పెట్రార్క్. ప్రాచీన రోమ్ సాహిత్య వైభవం పోయిందన్న బాధతో తన ముందు శతాబ్దాల గురించి అలా అన్నాడు. కానీ బొలోనా, పారిస్, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాలు పుట్టింది ఆ శతాబ్దాల్లోనే. 13వ శతాబ్దం చివర ఇటలీలో కళ్లద్దాలు వచ్చాయి. చూపు మందగించిన పండితుడు మళ్లీ పుస్తకం పట్టుకోగలిగాడంటే అదెంత పెద్ద మార్పో నాకు నలభై దాటాక బాగా అర్థమైంది.

అపోహ: ఏడాదికోసారి స్నానం చేసేవారు

1268 ప్రాంతంలో పారిస్‌లోని వృత్తి సంఘాల నిబంధనలన్నీ ఒకచోట రాయించారు. అందులో స్నానశాలలు నడిపేవాళ్ల సంఘం కూడా ఉంది. నీళ్లు కాగాయని వాళ్ల మనుషులు వీధుల్లో కేకలు వేసేవారు. తెల్లవారకముందు అలా కేకలు వేయకూడదని నిబంధన పెట్టారు. ఎందుకంటే ఆ పిలుపు విని చీకట్లో బయల్దేరినవాళ్లకు దారిలో ప్రమాదం. ఆదివారాలు, పండుగ రోజుల్లో స్నానశాలలకు సెలవు. ఆవిరి స్నానానికి ఒక ధర, తొట్టి స్నానం కూడా కావాలంటే ఇంకో ధర. 1292 పన్నుల జాబితాలో ఒక్క పారిస్‌లోనే ఇలాంటివి 20కి పైగా కనిపిస్తాయి.

ఇవి ఎక్కువగా మూతపడింది 16వ శతాబ్దంలో, అంటే మధ్యయుగాలు దాటాక. సిఫిలిస్ అనే సుఖవ్యాధి, ప్లేగు భయానికి తోడు కట్టెల ధరలు పెరిగాయి. అయితే పల్లెల్లో పరిస్థితి వేరు. అక్కడ పేలు చూసుకోవడం మామూలు సంగతి. ఆ మాటకు మళ్లీ వస్తాను.

అపోహ: భూమి బల్లపరుపుగా ఉందని నమ్మేవారు

చదువుకున్నవాళ్లెవరూ నమ్మలేదు. భూమి బంతిలా గుండ్రంగా ఉందని ఇంగ్లండ్ సన్యాసి బీడ్ 725లోనే రాశాడు. 13వ శతాబ్దం నుంచి విశ్వవిద్యాలయాల్లో సాక్రోబోస్కో రాసిన ఖగోళ పాఠ్యపుస్తకం చదివారు, అందులోనూ అదే మాట. కొలంబస్‌తో పండితుల గొడవ భూమి ఆకారం గురించి కాదు, అదెంత పెద్దదన్న కొలత గురించి. ఆ లెక్కలో పండితులదే రైటు. ఈ అపోహ బాగా పాకింది 1828లో అమెరికా రచయిత వాషింగ్టన్ ఇర్వింగ్ రాసిన కొలంబస్ జీవితకథతో.

అపోహ: కుళ్లిన మాంసం వాసన తెలియకుండా మిరియాలు చల్లేవారు

మన మలబారు తీరంలో ఓడెక్కిన మిరియం అలెగ్జాండ్రియా, వెనిస్ మీదుగా చేతులు మారుతూ వెళ్లేది. అంత ఖరీదైన మిరియాలు కొనగలిగినవాడు తాజా మాంసం కొనలేడా? 14వ శతాబ్దపు లండన్‌లో చెడిపోయిన మాంసం అమ్మినవాణ్ణి నలుగురిలో కొయ్యచట్రానికి బిగించి నిలబెట్టి, ఆ మాంసాన్ని అతని కిందే తగలబెట్టేవారు.

అపోహ: మంత్రగత్తెల దహనాలు మధ్యయుగాల పని

పరీక్షల్లో కూడా ఎక్కువగా తప్పు రాసేది ఇదే. ఈ వేట ఉధృతంగా సాగింది సుమారు 1560 నుంచి 1630 వరకు, అంటే 16వ శతాబ్దపు మత సంస్కర్త మార్టిన్ లూథర్ తర్వాతి కాలంలో. మొత్తంగా 40-50 వేలమందిని చంపారని చరిత్రకారుల అంచనా. దీనికి చాలా ముందు, 8వ శతాబ్దం చివర, ఫ్రాంకుల రాజు షార్లమేన్ సాక్సన్ జాతివాళ్లకు ఇచ్చిన శాసనం దీనికి పూర్తిగా భిన్నం. ఫలానా మనిషి మంత్రగత్తె అని నమ్మి ఆమెను కాల్చినవాడికే మరణశిక్ష! రాత్రిళ్లు ఆడవాళ్లు దేవతతో కలిసి ఆకాశంలో తిరుగుతారనడం భ్రమ అని చర్చి చాలాకాలం బోధించింది.

చర్చి దయగా ఉండేదని మాత్రం అనుకోవద్దు. తన సిద్ధాంతానికి విరుద్ధంగా నమ్మేవాళ్లను కాల్చిన మంటలు నిజం. యూదులు వేరే గుర్తుతో తిరగాలని 1215లో చర్చి పెద్దల లాటరన్ సభ తీర్మానించింది, 1290లో ఇంగ్లండ్ యూదులను దేశం నుంచే వెళ్లగొట్టింది. 1349లో ప్లేగుకు కారణం వాళ్లేనని స్ట్రాస్‌బర్గ్‌లో వందలమందిని చంపారు.

అపోహ: అందరూ ముప్ఫై ఏళ్లకే పోయేవారు

సగటు అంత తక్కువగా రావడానికి కారణం పసిపిల్లల మరణాలు. ఇరవై దాటి బతికినవాళ్లలో యాభై, అరవై చూసినవాళ్లు చాలామందే.

అపోహ: రైతుకు ఏడాదిలో దాదాపు సగం రోజులు సెలవే

ఇది సోషల్ మీడియాలో పాకిన కొత్త అపోహ. పండుగలు ఎక్కువే, కానీ ఆ సెలవు దొర పొలం పని నుంచి మాత్రమే. ఇంట్లో ఆవుకు గడ్డి వేయాలి, పాలు పితకాలి, నీళ్లు మోయాలి, నూలు వడకాలి. ఇంగ్లండ్‌లో దొర భూమికి కట్టుబడిన రైతు చనిపోతే ఇంట్లో ఉన్నవాటిలో మంచి పశువు దొర కొట్టానికి పోయేది. కూతురి పెళ్లికీ దొరకు రుసుం కట్టాలి. ఆ బతుకును హాయి అనడానికి నాకు నోరు రాదు.

అపోహ: ఎలాగూ చనిపోతారని పిల్లల మీద ప్రేమ పెంచుకునేవారు కాదు

ఫ్రాన్స్ దక్షిణాన, పిరనీస్ కొండల దగ్గర చర్చి ఒప్పుకోని కాథర్లనే క్రైస్తవ శాఖ ఉండేది. 1318 నుంచి 1325 వరకు జాక్ ఫూర్నియే అనే బిషప్ వాళ్లను విచారించి వాంగ్మూలాలు రాయించాడు. ఆయనే తర్వాత పోప్ అయ్యాడు. పల్లెజనం అణచివేత కోసం రాయించిన పుస్తకమే అయినా వాళ్ల రోజువారీ జీవితం మొత్తం అందులో పడింది. ఎండలో కూర్చుని ఒకరికొకరు పేలు చూసుకుంటూ ఊరి కబుర్లు చెప్పుకునే ఆడవాళ్లు కనిపిస్తారు. ఆ పేజీలు చదివినప్పుడల్లా నాకు మా నాయనమ్మ వాకిలి గుర్తొస్తుంది.

అందులో ఆర్క్ అనే ఊళ్లో ఉండే సిబిల్ అనే తల్లి ఉంది. ఏడాది నిండని కూతురికి జబ్బు చేసింది. కాథర్ గురువు వచ్చి పాపకు చివరి సంస్కారం చేశాడు. దాని తర్వాత పాలు, మాంసం ముట్టకూడదు. ముడితే ఆత్మకు మోక్షం పోతుంది. అంటే పాపకు తల్లిపాలు కూడా ఇవ్వకూడదు. తండ్రి సంతోషించాడు, చనిపోతే దేవదూత అవుతుందని. గురువూ భర్తా అలా బయటికి వెళ్లగానే సిబిల్ పాపను ఒడిలోకి తీసుకుని పాలిచ్చింది. కళ్ల ముందు బిడ్డ చచ్చిపోతుంటే చూడలేకపోయానని విచారణలో చెప్పింది. భర్తకు తెలిసి ఏడ్చాడు, గొడవపడ్డాడు. చాలాకాలం కూతురి మీద, భార్యనైన తన మీద కూడా ప్రేమ లేకుండా ఉన్నాడని చెప్పింది. తర్వాత భర్తే తనది తప్పని ఒప్పుకున్నాడట.