డిటెక్టర్ మోగలేదు కాబట్టి గదిలో బగ్ లేదా?

"ఆన్‌లైన్‌లో డిటెక్టర్ తెప్పించాం సార్, గదంతా తిప్పాం, ఏమీ మోగలేదు. అయినా మా టెండరు రేట్లు బయటికి పోతూనే ఉన్నాయి." గదుల్లో బగ్‌ల కోసం, అంటే మన మాటలు దొంగచాటుగా వినేందుకు దాచిన పరికరాల కోసం, వెతికే నాకు తరచుగా వచ్చే ఫోను ఇది. అప్పుడు నేను మొదట అడిగేది, "మీరిప్పుడు ఏ గదిలోంచి మాట్లాడుతున్నారు?" అని. చాలామంది అనుమానం ఉన్న గదిలోంచే మాట్లాడుతుంటారు!

అపోహ: డిటెక్టర్ మోగకపోతే గది భద్రం.

వాస్తవం: రెండు మూడు వేలకు దొరికే ఆ పరికరానికి తెలిసింది ఒకటే, దగ్గరలో రేడియో తరంగాలు వెలువడుతుంటే మోగడం. వాయిస్ రికార్డర్ ఏ తరంగాలూ పంపదు. మాట వినపడినప్పుడు రికార్డు చేసుకుంటుంది, ఎవరో వచ్చి తీసుకుపోతారు. సిమ్ వేసి పెట్టే జీఎస్ఎం బగ్ సాధారణంగా అవతలివాడు దానికి ఫోన్ చేసినప్పుడే మన మాటలు పంపుతుంది. మిగతా వేళల్లో ఎప్పుడో ఒకసారి టవర్‌ను పలకరించి ఊరుకుంటుంది. ఆదివారం ఖాళీ ఆఫీసులో డిటెక్టర్ తిప్పితే ఏం మోగుతుంది? ఫాల్స్ సీలింగ్ మీదుగా పక్క గదికి తీగ లాగిన మైకుకైతే రేడియోతో పనే లేదు.

మోగకుండా ఊరుకునే బగ్ కొత్తేమీ కాదు. 1945లో మాస్కోలో అమెరికా రాయబారికి సోవియట్ పిల్లలు చెక్కతో చేసిన అమెరికా రాజముద్ర బహూకరించారు. అందులో దాచిన మైకుకు బ్యాటరీ లేదు. బయటినుంచి రేడియో తరంగం పంపినప్పుడే అది పనిచేసేది. 1952 దాకా అది రాయబారి నివాసంలోనే ఉండిపోయింది.

తరంగాలు పంపని రికార్డర్ల లాంటివాటి కోసం మేము నాన్ లీనియర్ జంక్షన్ డిటెక్టర్ కూడా తీసుకెళతాం. ఆఫ్‌లో ఉన్న పరికరంలోని సెమీకండక్టర్లను (చిప్పులు, డయోడ్ల వంటి ఎలక్ట్రానిక్ భాగాలను) సైతం అది పసిగడుతుంది. తుప్పు పట్టిన మేకులకూ మోగుతుంది, అది వేరే తలనొప్పి. చివరికి స్క్రూడ్రైవర్ పట్టాల్సిందే. నేను ముందుగా విప్పేది ఎక్స్‌టెన్షన్ బాక్సులను. అక్కడ కరెంటు ఎప్పుడూ ఉంటుంది, బ్యాటరీ మార్చే బెడద ఉండదు. ఎవరు తెచ్చి పెట్టినా "ఇదెక్కడిది?" అని అడిగేవారుండరు.

మోగితే బగ్ ఉన్నట్టేనా? అదీ కాదు. హైదరాబాద్‌లో మందుల వ్యాపారం చేసే ఒక పెద్దాయన డిటెక్టర్ మోగిందని సీలింగ్ పీకించేశారు. పైన ఉన్నది సొంత వైఫై పెట్టె. నేను వెళ్లేసరికి మనిషి సగమయ్యారు, పాతికేళ్లుగా నమ్మిన అకౌంటెంటును కూడా అనుమానిస్తున్నారు. గదంతా వెతికాం, ఏమీ లేదు. బయటికి పోయిన విషయాలేమిటో వరసగా రాయమన్నాను. అన్నీ సోమవారం ఆన్‌లైన్ మీటింగులో చెప్పుకున్నవే! మీటింగు లింకు ఏళ్లుగా మారలేదు. మానేసి వెళ్లిన ఒక ఉద్యోగి "కాన్ఫరెన్స్ రూమ్" అనే పేరుతో దర్జాగా వచ్చి కూర్చుంటున్నాడు. తలలు లెక్కపెట్టినవారు లేరు. పాపం, సంగతి తెలియగానే పెద్దాయన మొదట ఆ అకౌంటెంటునే పిలిపించుకున్నారు.

తక్కినవి క్లుప్తంగా. స్టార్ హ్యాష్ 21 హ్యాష్ నొక్కితే ట్యాపింగ్ బయటపడుతుందంటూ వాట్సాప్‌లో తిరిగేది ఉత్త ప్రచారం. అది కాల్ ఫార్వర్డింగ్ (మన కాల్స్ వేరే నంబరుకు మళ్లడం) ఉందో లేదో మాత్రమే చెబుతుంది. ఫోను వేడెక్కడం, కాల్‌లో గరగర శబ్దం రావడం నిఘాకు రుజువు కావు. సిగ్నళ్లను అడ్డుకునే జామర్ కొంటానంటారా? ప్రభుత్వ అనుమతి లేకుండా ప్రైవేటువారు వాడటం మన దేశంలో నేరం, పైగా రికార్డర్‌ను అది ఏమీ చేయలేదు.

నిజంగానే ఏదైనా దొరికితే పీకకండి, ముట్టుకోకండి, ఆ గదిలో దాని గురించి మాట్లాడకండి. ఫోటో తీసి, గదికి తాళం వేసి, బయటికొచ్చి పోలీసులకు ఫోన్ చేయండి. దాని మీద వేలిముద్రలు ఉండవచ్చు. లోపల సిమ్ ఉంటే అది ఎవరి పేరున ఉందో వారు రాబట్టగలరు.