పొలం గట్టున జాగారం: షావువోత్ తగవు వెనక కథ

ఏటా మే నెలాఖరు, జూన్ మొదటి వారాలు వచ్చేసరికి యూదుల మధ్య ఒక తగవు మళ్లీ రాజుకుంటుంది. షావువోత్ పండుగ రాత్రి తెల్లవార్లూ మేలుకుని తోరా, అంటే తమ ధర్మశాస్త్ర గ్రంథం, చదవడం వాళ్ల ఆచారం. మన శివరాత్రి జాగారం లాంటిదే, కాకపోతే భజనకు బదులు చదువు. దాన్ని తిక్కూన్ అంటారు. ఇప్పుడు అమెరికాలో, ఇజ్రాయెల్‌లో కొందరు ఈ చదువును ప్రార్థనా మందిరం నుంచి కొండ మీదికి, తోటలోకి, పొలం పక్కకి తీసుకెళ్తున్నారు. నెగడు చుట్టూ కూర్చుని చదువుతారు, పాడతారు, వాదించుకుంటారు, పొద్దు పొడవగానే ప్రార్థన చేసి లేస్తారు. ఇది పండుగా, పిక్నికా అని ఒక వర్గం అడుగుతుంది. కోత పండుగను పొలంలో కాక ఇంకెక్కడ చేస్తామని రెండో వర్గం ఎదురు ప్రశ్న వేస్తుంది.

తెలుగు బైబిలు చదివేవాళ్లకు ఇది వారముల పండుగగా తెలుసు. పస్కా నుంచి ఏడు వారాలు లెక్కపెట్టి చేస్తారు. ఈ తగవు అర్థం కావడానికి పాత చరిత్రలో ఒక్క సంగతి చాలు. సీనాయి కొండ దగ్గర దేవుడు తోరా ఇచ్చిన రోజు ఇదేనని చెప్పింది తర్వాతి కాలపు రబ్బీలు, అంటే యూదు మతగురువులు. బైబిల్లో ఆ ముడి లేదు. అక్కడ ఉన్నది గోధుమ కోత, కొత్త పిండితో కాల్చిన రెండు రొట్టెలు, తొలిపంట బుట్టలు.

నా లెక్కలో అసలు మలుపు 1920ల్లో, ఇప్పటి ఉత్తర ఇజ్రాయెల్‌లోని యెజ్రెయేలు లోయలో ఉంది. తూర్పు ఐరోపా నుంచి వచ్చిన యువకులు అక్కడ ఐన్ హరోద్ లాంటి కిబ్బుట్స్‌లు, అంటే ఉమ్మడి సేద్యపు ఊళ్లు, కట్టుకున్నారు. ఐన్ హరోద్ మొదలైంది 1921లో. ఆ భూముల్లో చాలా భాగం బీరూట్‌కు చెందిన సుర్సోక్ కుటుంబం దగ్గర కొన్నవి. వాటిని కౌలుకు దున్నుకుంటున్న అరబ్ రైతులు ఖాళీ చేయాల్సి వచ్చింది. ఈ సంగతి పండుగ పాటల్లో వినిపించదు కానీ, పొలం గురించి మాట్లాడేటప్పుడు దాన్ని దాటి వెళ్లడం సరికాదు.

వచ్చిన యువకుల్లో చాలామంది భక్తిగల ఇళ్లలో పుట్టినవాళ్లు. దేవుణ్ణి, మందిరాన్ని వదిలేశారు, పండుగను మాత్రం వదల్లేకపోయారు. షావువోత్‌ను తమ చేతులతో మళ్లీ కట్టుకున్నారు. గడ్డి మోపులు పేర్చి వేదిక చేశారు. బళ్లకు, తర్వాత ట్రాక్టర్లకు పూలు, గోధుమ వెన్నులు కట్టి ఊరేగించారు. పిల్లలు తెల్లబట్టలు వేసుకుని, తలకు పూలదండ చుట్టుకుని, బుట్టల్లో తొలి కాయగూరలు, పళ్లు మోసుకొచ్చారు. దూడల్ని నడిపించారు. ఆ ఏడు పుట్టిన పసిబిడ్డల్ని కూడా తొలిపంటగా వేదిక మీదికి తెచ్చి చూపించేవారు. ఒకప్పుడు యెరూషలేము ఆలయానికి వెళ్లిన ఆ తొలిఫలాలు ఇప్పుడు యూదుల కోసం భూములు కొనే యూదు జాతీయ నిధికి వెళ్లాయి.

రెండు వేల ఏళ్లుగా పుస్తకంలో మిగిలిపోయిన కోత పండుగ మళ్లీ మట్టిని తాకిందంటే చిన్న సంగతి కాదు. కానీ ఆ వేడుకంతా పగలే అయిపోయేది. రాత్రి చదువు అందులో లేదు. అటు భక్తుల ఇళ్లలో రాత్రి చదువు ఉంది, పొలం లేదు. అక్కడ పంట జ్ఞాపకంగా మిగిలింది మందిరంలో అలంకరించే పచ్చని కొమ్మలు. ఆ కొమ్మలు కూడా చర్చి ఆచారంలా ఉన్నాయని విల్నా గాఓన్ అనే పేరుపొందిన యూదు పండితుడు 18వ శతాబ్దంలో వద్దన్నాడు. ఒకే పండుగను ఇలా ఇద్దరు చెరిసగం పంచుకుని, ఎవరి సగాన్ని వాళ్లు అసలు పండుగ అనుకున్నారు. ఇవాళ్టి గొడవంతా ఆ పంపకం మీదే.

రెండు సగాలూ మళ్లీ దగ్గరవడం 1990ల్లో కనబడింది. 1995 నవంబరులో ప్రధాని రబీన్‌ను ఒక మతవాద యువకుడు హత్య చేశాక, భక్తులకూ లౌకికవాదులకూ మధ్య అగాధం చూసి ఇజ్రాయెల్ సమాజం భయపడింది. కలిసి చదువుకునే చోట్లు అంతకుముందే మొదలయ్యాయి, ఆ తర్వాత ఇంకా పెరిగాయి. 1996లో రూత్ కల్దెరోన్ టెల్ అవీవ్‌లో స్థాపించిన అల్మా అలాంటిదే. భక్తులు తలకు పెట్టుకునే చిన్న టోపీ, కిప్పా, పెట్టుకోనివాళ్లు కూడా షావువోత్ రాత్రి పుస్తకం తెరిచారు. తర్వాత అమెరికాలో యూదు పర్యావరణ బృందాలు ఆ పుస్తకాన్ని ఆరుబయటికి తెచ్చాయి. 2007లో కాలిఫోర్నియాలో మొదలైన వైల్డర్‌నెస్ తోరా షావువోత్‌ను కొండ మీద జరిపింది.

మందిరం పక్షం అభ్యంతరాల్లో బలమైనవి ధర్మశాస్త్రానివి. పండుగ రోజు ఉన్న మంటలోంచి మంట అంటించుకోవచ్చు, వంట కూడా చేసుకోవచ్చు, కానీ కొత్తగా అగ్గిపుల్ల గీయకూడదు. వాద్యం వాయించకూడదు. డేరా వేయకూడదు, ఆకు తెంపకూడదు. కాబట్టి పొద్దుగూకే లోపు నెగడు రాజేసి, డేరాలు వేసి సిద్ధంగా ఉండాలి. దీన్ని పట్టుదలగా పాటించే బృందాలు ఉన్నాయి, గిటార్ పట్టుకొచ్చే బృందాలూ ఉన్నాయి. గిటార్ విషయంలో ఆ అభ్యంతరం న్యాయమైనదే.

"ఆరుబయట చదువు మన సంప్రదాయం కాదు" అనే మాట దగ్గరే నాకు పేచీ. రాత్రంతా మేలుకున్నట్టు పేరూ ఊరూ తెలిసిన తొలి మనుషులు యోసెఫ్ కారో, శ్లోమో అల్కబెత్స్ అనే యూదు పండితులు. 1530ల్లో, ఒట్టోమన్ పాలనలోని బాల్కన్ ప్రాంతంలో, షావువోత్ రాత్రి చదువుతుండగా కారో నోట ఒక దివ్యస్వరం పలికిందని, పవిత్రభూమికి వెళ్లమని చెప్పిందని అల్కబెత్స్ ఉత్తరం రాశాడు. ఇద్దరూ గలిలయ కొండల్లోని సఫెద్ పట్నం చేరారు. 1548లో అదే అల్కబెత్స్, పండితుడు మోషే కొర్దొవెరోతో కలిసి సఫెద్ చుట్టూ పొలాల్లో, సమాధుల మధ్య తిరుగుతూ, నోటికి వచ్చిన తోరా అర్థాలు చెప్పుకునేవాడు. కొర్దొవెరో దాన్ని గ్రంథంగా రాసిపెట్టాడు. ఇక కారో రాసిన ధర్మశాస్త్రం షుల్హాన్ ఆరూఖ్ 1565లో అచ్చయింది. అందులో షావువోత్ జాగారం ప్రస్తావనే లేదు. ఈ ఆచారం ఊరూరా పాకడానికి కాఫీ బాగా సాయపడిందని చరిత్రకారుడు ఎలియట్ హొరొవిట్స్ వాదించాడు.

ఇంకా వెనక్కి వెళ్తే రబ్బీల పాత నియమాల సంకలనం మిష్నా ఉంది. రైతు పొలంలోకి దిగి, మొదట పండిన అంజూరాన్నో ద్రాక్షగుత్తినో చూసి, దానికి రెల్లుపోచ కట్టి, ఇది తొలిఫలం అంటాడు. తర్వాత ఆ ప్రాంతపు జనమంతా ఒక పట్నంలో కూడతారు. ఇళ్లలోకి వెళ్లరు, ఊరి నడుమ బయలులోనే పడుకుంటారు. తెల్లవారగానే పెద్ద లేపితే బయల్దేరుతారు. ముందు కొమ్ములకు బంగారు తొడుగు వేసిన ఎద్దు, దాని వెంట పిల్లనగ్రోవి. తొలిఫలాలు షావువోత్ నుంచే ఆలయానికి చేరేవి కాబట్టి ఈ ఆరుబయటి రాత్రి పండుగకు పరాయిది కాదు.

పొలం పక్షంవాళ్లను అడగాల్సింది వేరే ఉంది. లేవీయకాండం 23వ అధ్యాయంలో ఈ పండుగ నియమాలు చెప్పిన వెంటనే, పొలం అంచుల దాకా కోయొద్దు, పరిగె ఏరొద్దు, పేదలకూ పరదేశులకూ వదిలెయ్యి అని ఉంటుంది. నక్షత్రాల కింద కూర్చునేవాళ్లు ఆ వాక్యం దగ్గర కాసేపు ఆగాలి. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో, తాము బెనె ఎఫ్రాయిమ్ యూదులమని చెప్పే తెలుగు కుటుంబాలు ఉన్నాయి. మాదిగ కుటుంబాలవి, ఎక్కువగా వ్యవసాయ కూలి మీద బతికినవి. పరిగె అంటే ఏమిటో వాళ్లకు ఎవరూ వివరించక్కర్లేదు.

షావువోత్ ఉదయం అష్కనాజీ, అంటే ఐరోపా మూలాల యూదుల, మందిరాల్లో చదివేది రూతు గ్రంథం. మోయాబు నుంచి వచ్చిన పరదేశి, భర్త పోయిన మనిషి, బేత్లెహేము పొలాల్లో యవల కోత మొదలు గోధుమ కోత అయిపోయేదాకా పరిగె ఏరుకుంటుంది. మూడో అధ్యాయంలో ఒక రాత్రి ఆమె ఉన్నది కళ్లంలో, తూర్పారబట్టిన యవల కుప్ప పక్కన. మనిషి మనిషిని గుర్తుపట్టేంత వెలుతురు రాకముందే లేచి, పొలం యజమాని బోయజు కొలిచి పోసిన ఆరు కొలతల యవలు పైబట్టలో మూట కట్టుకుని అత్త దగ్గరికి బయల్దేరుతుంది.