శంఖం ఊదితే గురక పోతుందా?

పాలకొల్లు నుంచి ఒక పాఠకుడు అడిగారు: "నాకు స్లీప్ అప్నియా అన్నారు, రాత్రిళ్లు సీప్యాప్ మిషను పెట్టుకోమన్నారు. రోజూ శంఖం ఊదితే అది అక్కర్లేదని వాట్సాప్‌లో వచ్చింది. నిజమేనాండీ?"

స్లీప్ అప్నియా అంటే నిద్రలో గొంతు దారి మూసుకుపోయి ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు. శంఖం కంటే ముందు, బోదెలోంచి చేనుకి నీళ్లు తోడే ఆయిల్ ఇంజను చూడండి. నీళ్లలోకి దించే సక్షన్ పైపు గట్టిగా, ఒంటినిండా ఉంగరాలతో ఉంటుంది. అవతలి డెలివరీ పైపుని మాత్రం చాపలా చుట్టి చంకలో పెట్టుకోవచ్చు. తోసే నీళ్లు పైపుని ఉబ్బిస్తాయి. లాగేటప్పుడు బయటి గాలి దాన్ని నొక్కేస్తుంది. మెత్తటి పైపుని సక్షన్‌కి తగిలించారో, ఇంజను అందుకోగానే అతుక్కుపోతుంది.

మన వాయునాళానికి మృదులాస్థి ఉంగరాలున్నాయి. బొమ్మలో అవి గీయకపోతే పిల్లలకి మార్కులు కోస్తాం. వాటి పైన, నాలుక వెనకున్న గొంతుకి ఏ ఉంగరమూ లేదన్న సంగతి మాత్రం పాఠంలో రాదు. అక్కడ దారి తెరిచి ఉంచేది కండరాలే, నిద్రలో అవి సడలుతాయి. ఆరోగ్యవంతుల గొంతు మూసుకోవాలంటే పీడనం (బయటి గాలిది సున్నా అనుకుంటే) సుమారు మైనస్ 10 సెంటీమీటర్ల నీటిమట్టం కంటే కిందికి పోవాలి. అప్నియా ఉన్నవాళ్లకి సున్నా దగ్గరే, ఒక్కోసారి సున్నాకి పైనే మూసుకుపోతుంది. అంటే మామూలుగా ఊపిరి పీల్చినా చాలు. 1981లో ఆస్ట్రేలియాలో కోలిన్ సల్లివన్ బృందం ముక్కులోంచి గాలిని కాస్త ఒత్తిడితో తోసి చూపించింది. సక్షన్ పైపు డెలివరీ పైపైపోయింది! సీప్యాప్ అంటే ఇంతే.

చిట్కాలన్నిటినీ ఈ పైపు దగ్గరే నిలదీయొచ్చు. ముక్కులో నెయ్యి చుక్కలు, ఆవిరి: పైపు అడుగున ఉండే ఫుట్‌వాల్వుకి పట్టిన నాచు తీసినట్టు. లాగుడు కొంచెం తేలికవుతుంది, పైపు మెత్తదనం అలాగే ఉంటుంది. పక్కకి తిరిగి పడుకోవడం కొందరికి బాగానే పనిచేస్తుంది, నాలుక బరువు దారిమీద పడదు. ఒళ్లు తగ్గితే పైపు చుట్టూ పేరుకున్న మట్టి తీసినట్టే. బరువు 10 శాతం తగ్గినవాళ్లలో శ్వాస అడ్డంకులు దాదాపు 26 శాతం తగ్గాయని 2000లో ఒక అమెరికా అధ్యయనం అంచనా కట్టింది. సాయంత్రం కల్లు మానాలని వేరే చెప్పాలా?

శంఖం కథ వట్టి పుకారు కాదు. సంక్రాంతికి జంగందేవర ఊదుతుంటే బుగ్గలు, మెడ నరాలు ఎలా బిగుస్తాయో చూశారుగా, గొంతుకి అది కసరత్తే. జైపూర్‌లో 30 మందితో చేసిన పరీక్ష 2025లో వచ్చింది. ఆరు నెలలు శంఖం ఊదినవాళ్లకి పగటి మత్తు తగ్గింది, గంటకి నాలుగైదు అడ్డంకులు తగ్గాయి. 2006లో స్విట్జర్లాండ్‌లో డిజరిడూ అనే ఆస్ట్రేలియా వాద్యంతో 25 మంది మీద జరిగిన పరీక్షా ఇలాంటిదే. మంచిదే, కానీ లెక్క చూడండి. గంటకి 30 దాటితే తీవ్రమైన జబ్బు. 40 ఉన్నాయన కష్టపడి ఊది 35కి వస్తే మిషను ఎలా తీసేస్తాం? పైగా ఊదేవాడికి తాను ఊదుతున్నానని తెలుసు, "హాయిగా ఉంది" అనడానికి అదొక్కటి చాలు.

"మా ఆయన గురక ఆగిపోయిందండీ" అన్న సాక్ష్యాన్ని అసలు నమ్మను. గురక పెడితే గాఢనిద్ర అనుకోవడం ఎంత తప్పో, ఇదీ అంతే. సగం అతుక్కున్న పైపే టపటపలాడుతుంది. పూర్తిగా అతుక్కున్నది చప్పుడు చెయ్యదు. పది సెకన్లో, ఇంకా ఎక్కువో ఊపిరాడని నిశ్శబ్దాన్నే అప్నియా అంటారు. శంఖం ఊదండి, మిషనూ పెట్టుకోండి. కొన్ని నెలలయ్యాక డాక్టరుగారిని అడిగి స్లీప్ టెస్ట్ మళ్లీ చేయించుకుని, గంటకి ఎన్నో ఆ అంకెని పాతదాని పక్కన పెట్టి చూడండి. మొదటిసారి వెల్లకిలా, రెండోసారి పక్కకి తిరిగి పడుకుంటే మాత్రం ఆ తగ్గుదల శంఖం ఖాతాలో వెయ్యకండి.