తలుపు తీసే మనిషికి జీతం ఎక్కడిది? తిరుపతిలో యువజన కేంద్రం ప్రశ్న వెనక ఉన్న చరిత్ర

తిరుపతి యాత్రికుల ఊరుగానే లోకానికి తెలుసు. అయితే 1945లో శ్రీ వేంకటేశ్వర ఆర్ట్స్ కళాశాల, 1954లో విశ్వవిద్యాలయం, 1983లో మహిళా విశ్వవిద్యాలయం, 2015లో ఐఐటీ, ఐసర్ (విజ్ఞానశాస్త్ర విద్యా పరిశోధన సంస్థ) ఒకదాని తర్వాత ఒకటి రావడంతో, ఇది చదువుకోసం ఇల్లు విడిచి వచ్చిన పిల్లల ఊరు కూడా అయింది. వాళ్లకు తోడు లాడ్జీల్లో, హోటళ్లలో, అంగళ్లలో పనిచేసేవాళ్లు, కొండకు టాక్సీలు నడిపేవాళ్లు, పోటీ పరీక్షల శిక్షణకని అద్దె గదుల్లో ఉండేవాళ్లు ఉన్నారు. వీళ్లందరి వయసూ ఇంచుమించు ఒకటే. సాయంత్రం ఆరు తర్వాత వీళ్లు ఎక్కడ కూర్చోవాలన్న ప్రశ్నకు మాత్రం ఊళ్లో జవాబు లేదు. మైదానానికి వెళ్తే ఆట రావాలి, గ్రంథాలయానికి వెళ్తే మౌనంగా ఉండాలి, ఆసుపత్రికి వెళ్తే జబ్బు ఉండాలి. మగపిల్లలు టీ అంగడి ముందు నిలబడతారు; ఆడపిల్లలకు ఆ వీలు కూడా లేదు.

కారణం చెప్పనక్కర లేకుండా లోపలికి రాగల గది, మాట్లాడాలనిపిస్తే వినడానికి ఒక మనిషి, దరఖాస్తు నింపుకోవడానికి కాస్త సాయం, అవసరమైతే సరైన వైద్యుడి దగ్గరికి పంపే ఏర్పాటు: డ్రాప్-ఇన్ సెంటర్ అంటే ఇంతే. ఇంత చిన్న విషయం ఇన్నేళ్లుగా ఎందుకు కుదరలేదో తెలియాలంటే, ఈ ప్రాంతంలో యువత పేరిట ప్రజల డబ్బు ఏ దారుల్లో వచ్చిందో, ఆ దారులు ఎక్కడ ఆగిపోయాయో చూడాలి.

అందరికీ తెరిచి ఉండే గది అన్న ఆలోచన తెలుగువాళ్లకు కొత్త కాదు. చిత్తూరు జిల్లా ఏర్పడిన 1911లోనే బెజవాడలో రామమోహన గ్రంథాలయం మొదలైంది. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. ఊరి కుర్రాళ్లు చందాలు వేసుకుని నడిపిన ఆనాటి పఠన మందిరాల్లో పత్రిక చదవడం ఎంత జరిగేదో, నలుగురు కూర్చుని మాట్లాడుకోవడం కూడా అంతే జరిగేది. ఆ ఉద్యమం సాధించిన వాటిలో అతి ముఖ్యమైనది, నా దృష్టిలో, పుస్తకాలకన్నా పన్ను. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం కింద స్థానిక సంస్థలు ఆస్తి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. ఆ జమ చాలా చోట్ల ఏళ్ల తరబడి బకాయి పడుతుందన్నది నిజమే. అయినా శాఖా గ్రంథాలయం తలుపు తీసే ఉద్యోగికి ఏటేటా ఆదాయం ఎక్కడినుంచి రావాలో రాసిపెట్టిన చట్టం అది. యువత విషయంలో అలాంటి ఏర్పాటు ఎన్నడూ జరగలేదు.

జరిగింది వేరు. 1969లో జాతీయ సేవా పథకం 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైంది, అది విద్యార్థులకు. 1972లో నెహ్రూ యువ కేంద్రాలు వచ్చాయి. అవి ప్రధానంగా చదువు మానేసిన పల్లె యువతకు. పట్నంలో ఉంటూ చదువుకోని కుర్రవాడు, అంటే తిరుపతి లాడ్జీలో గదులు శుభ్రం చేసే పంతొమ్మిదేళ్ల అబ్బాయి, ఈ రెండింటిలో దేని కిందికీ సరిగ్గా రాలేదు. 1990ల చివర రాష్ట్ర ప్రభుత్వం చేపట్టిన ముఖ్యమంత్రి యువజన సాధికారత పథకం యువకులను సంఘాలుగా కూర్చి స్వయం ఉపాధికి సాయం చేసింది. యువత అవసరాన్ని ఉపాధిగా మాత్రమే లెక్కపెట్టింది. ఈ పథకాల డబ్బు శిబిరానికో, క్రీడా సామగ్రికో, శిక్షణకో, వారోత్సవానికో ఖర్చయ్యేది తప్ప, గది అద్దెకూ కరెంటు బిల్లుకూ అక్కడ రోజూ ఉండే మనిషి జీతానికీ అందులో చోటు దొరకడం అరుదు.

డ్రాప్-ఇన్ సెంటర్ అన్న మాట మన దగ్గరికి మరో దారిలో వచ్చింది. 1990ల్లో వీధి బాలల పథకాల ద్వారానూ, ఆ తర్వాత ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం ద్వారానూ స్వచ్ఛంద సంస్థల వాడుకలోకి వచ్చిన మాట అది. ఆ కేంద్రాలు చేసిన మేలు చిన్నది కాదు. కానీ ఆ నేపథ్యం వల్ల మామూలు కుటుంబాలకు ఆ పేరు వినగానే ఏదో తప్పు జరిగినవాళ్లు వెళ్లే చోటన్న భావన కలుగుతుంది. అందుకే మన ఊళ్లో ఇలాంటి చోటికి ఏ పేరు పెడతామన్నది పైపై విషయం కాదు.

ఆరోగ్య శాఖ వైపు చూస్తే, 2014 జనవరిలో రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం మొదలై, కౌమారుల కోసం ప్రత్యేక క్లినిక్‌లు నెలకొల్పింది. వాటి పరిధి 10 నుంచి 19 ఏళ్లు. బాలల న్యాయ చట్టం కింద బాలలంటే 18 ఏళ్ల లోపు వాళ్లే. 2014 జాతీయ యువజన విధానం యువత అంటే 15 నుంచి 29 ఏళ్లవాళ్లని చెప్పింది. మనిషి ఒక్కడే అయినా పుట్టినరోజు మారేసరికి శాఖ మారిపోతుంది. ఆస్ట్రేలియాలో 2006లో ప్రారంభించిన హెడ్‌స్పేస్ అనే యువజన మానసిక ఆరోగ్య కేంద్రాలు 12 నుంచి 25 ఏళ్ల దాకా ఒకే తలుపు గుండా రానిచ్చాయి. 18వ ఏట పిల్లలు జారిపోకుండా ఉండటానికే ఆ హద్దు. బ్రిటన్‌లో యువజన సేవల మీద 1960లో వచ్చిన ఆల్బిమార్ల్ నివేదిక భవనాలతో పాటు మనుషుల గురించీ చెప్పింది. ఆ మరుసటి ఏడే లెస్టర్‌లో యువజన కార్యకర్తలకు శిక్షణ కళాశాల తెరిచారు. మనం భవనం దగ్గరే ఆగిపోయామన్నది నా బాధ.

ఇటీవల ఒత్తిడి మరోవైపు నుంచి పెరిగింది. విశాఖపట్నంలో శిక్షణ పొందుతున్న ఒక విద్యార్థిని మృతి కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, వందమంది లేదా అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థలు, శిక్షణ కేంద్రాలు కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్‌ను నియమించుకోవాలి. మంచి ఆదేశం. అయితే తన మార్కులను లెక్కించే సంస్థలోనే కూర్చున్న మనిషికి మనసు విప్పి చెప్పడానికి ఎంతమంది పిల్లలు ముందుకొస్తారు? గదిలో ఒంటరిగా చదువుకునేవాళ్లకూ, చదువే లేనివాళ్లకూ ఆ ఆదేశం వర్తించదు కూడా.

ఇక డబ్బు. 2016లో తిరుపతి స్మార్ట్ సిటీ జాబితాలో చేరింది; నగరానికి 500 కోట్ల రూపాయల దాకా కేంద్రం, అంతే మొత్తం రాష్ట్రం, స్థానిక సంస్థ ఇవ్వాలన్నది ఆ పథకం లెక్క. అది నిర్మాణాల కోసం వచ్చిన సొమ్ము, నెలజీతాలకు కాదు. కంపెనీల సామాజిక బాధ్యత నిధి మరో దారి. 2013 కంపెనీల చట్టం ప్రకారం 500 కోట్ల నికర విలువ, 1,000 కోట్ల టర్నోవర్, 5 కోట్ల నికర లాభం, వీటిలో ఏ ఒక్కటి ఉన్న కంపెనీ అయినా గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు చేయాలి, అందులోనూ తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలి. ఎన్నో కంపెనీలున్న పారిశ్రామిక నగరం శ్రీసిటీ ఇప్పుడు తిరుపతి జిల్లాలోనే ఉంది కాబట్టి ఆశకు ఆధారం లేకపోలేదు. చిక్కు నిబంధనల్లో ఉంది. బయటి స్వచ్ఛంద సంఘం ఈ నిధి అందుకోవాలంటే ఆదాయపు పన్ను శాఖ దగ్గర 12ఏ, 80జీ నమోదులతో పాటు కనీసం మూడేళ్ల పని అనుభవం చూపాలి. 2001 నాటి సొసైటీల చట్టం కింద ఏడుగురు కలిసి ఈరోజు సంఘం నమోదు చేసుకున్నా, మొదటి మూడేళ్లూ చందాల మీదే బతకాలి. ఆ తర్వాత ప్రాజెక్టు దొరికినా, కొనసాగే ప్రాజెక్టుకు గడువు మొదలుపెట్టిన ఏడాది కాక మరో మూడేళ్లే. పిల్లలకు ఆ తలుపు మీద నమ్మకం కుదిరే వేళకు తాళం పడే ప్రమాదం ఉంది.

నమ్మకం గురించి మరొక్క మాట. 2012 నాటి పోక్సో చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం, 18 ఏళ్ల లోపు వాళ్లపై లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. అందువల్ల చిన్న వయసువాళ్లకు ఏది రహస్యంగా ఉంటుందో, ఏది ఉండదో మొదటి రోజే నెమ్మదిగా వివరించగల మనిషి అక్కడ ఉండాలి. అది నేర్చుకుని, అదే పనిలో నిలబడే మనిషి కావాలి. వారానికొకసారి వచ్చిపోయే వాలంటీరు చేయగల పని కాదు.

ఈ లెక్కలన్నీ చూశాక చేతిలో మిగిలేది స్థానిక సంస్థే. రాజ్యాంగం 12వ షెడ్యూలు పార్కులు, ఆటస్థలాల వంటి పౌర వసతులను పురపాలక సంస్థలు చూడదగిన పనుల్లో చేర్చింది. కొత్త భవనం అడగకుండా, ఉన్న నగరపాలక భవనాల్లో సాయంత్రం ఖాళీగా ఉండే ఒక గది, ఇద్దరి జీతం, ఏటా బడ్జెట్‌లో వాటికొక పద్దు అడిగితే, కంపెనీ సొమ్మును ఫర్నిచరుకూ, శిక్షణకూ, వైద్య సాయానికీ వాడుకోవచ్చు. కంపెనీ ప్రాజెక్టు గడువు ముగిసినా ఆ ఇద్దరూ మరుసటి సాయంత్రం అక్కడే ఉంటారు.