అడగడానికి భయపడకండి: సోషల్ యాంగ్జైటీ, ఆత్మహత్య ఆలోచనలు (అపోహలు - వాస్తవాలు)

బెంగళూరులో చదువుకునే తెలుగు పిల్లల అమ్మానాన్నలు, పీజీల్లో వాళ్లతో ఉండే స్నేహితులు కౌన్సెలింగ్ గదిలో గొంతు తగ్గించి అనే మాట ఒకటుంది: "అడిగితే లేని ఆలోచన మేమే పుట్టించినట్టవుతుందేమో." ఎంత చెప్పినా ఈ భయం పోవడం లేదు. ప్రాణాల మీదకు తెచ్చేది ఇదే కాబట్టి దీని గురించే ఎక్కువ రాస్తున్నాను.

అపోహ: ఆత్మహత్య గురించి అడిగితే ఆ ఆలోచన వస్తుంది.

రాదు. దీని మీద పరిశోధనలు చాలా జరిగాయి. సూటిగా అడిగినందువల్ల ఆలోచనలు పెరిగినట్టు తేలలేదు. చాలామందికి అడగగానే కాస్త ఊపిరాడినట్టుంటుంది. సోషల్ యాంగ్జైటీ ఉన్న పిల్లల విషయంలోనైతే అడగకపోవడమే ప్రమాదం. "నా గురించి ఏమనుకుంటారో" అన్న భయమే ఆ జబ్బు. వైవాలో, అంటే నోటి పరీక్షలో, తెలిసిన జవాబు చెప్పడానికే గొంతు పెగలని కుర్రాడు "నాకు బతకాలని లేదు" అని తనంతట తానే వచ్చి చెప్పాలంటే ఎలా చెబుతాడు? చెప్పలేదు కాబట్టి ఏమీ లేదనుకోవద్దు.

అడిగే తీరు ముఖ్యం. "పిచ్చి పిచ్చి ఆలోచనలేమీ పెట్టుకోవడం లేదు కదా?" అంటే "లేదు" అనే జవాబు మనమే అందించినట్టు. "నీకేం తక్కువ చేశాం?" అంటే ఇక నోరు తెరవరు. నలుగురి మధ్య కాకుండా, వీలైతే పక్కపక్కన నడుస్తూ అడగండి. కళ్లలోకి చూడాల్సిన అవసరం లేకపోతే ఈ పిల్లలకు మాట సులువుగా వస్తుంది. ముందు కనిపించింది చెప్పండి: "రెండు వారాలుగా క్లాసుకు రావట్లేదు, మెస్ ఖాళీ అయ్యాకే తింటున్నావు." తర్వాత సూటిగా: "చచ్చిపోవాలనిపిస్తోందారా?" అమ్మానాన్నలైతే, "నాన్నా, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తోందా? ఏం చెప్పినా కోప్పడను." అడిగాక ఆగండి. అర నిమిషం మౌనం భారంగానే ఉంటుంది, దాన్ని మీ మాటలతో నింపొద్దు.

అవునంటే ఇంకో మూడు అడగాలి. ఎలా అన్నది ఆలోచించుకున్నావా? ఎప్పుడని అనుకున్నావా? ఇంతకుముందు ఎప్పుడైనా ప్రయత్నించావా? పద్ధతి, సమయం తేల్చుకుని ఉంటే ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలొద్దు. హాని చేసుకోగల వస్తువులు గదిలోంచి తీసేయండి. మందులుంటే మరొకరి దగ్గర పెట్టండి. 112కి ఫోన్ చేయండి, లేదా దగ్గర్లోని పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి తీసుకెళ్లండి. హోసూరు రోడ్డులోని మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్‌లో అత్యవసర విభాగం 24 గంటలూ ఉంటుంది. "ఎవరికీ చెప్పనని ఒట్టెయ్" అంటే వేయొద్దు. "నిన్ను కాపాడడానికి అవసరమైనవాళ్లకే చెబుతాను, నీకు చెప్పాకే చెబుతాను" అనండి.

గతంలో ప్రయత్నించి ఉండడం చాలా పెద్ద హెచ్చరిక. ఇన్నాళ్లూ కుంగిపోయి ఉన్నవాళ్లు ఉన్నట్టుండి నిశ్చింతగా కనిపించడం, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, అర్ధరాత్రి "సారీ" అని మెసేజ్‌లు పెట్టడం కూడా అంతే. అప్పుడు "హమ్మయ్య, బాగైపోయాడు" అనుకోకుండా అడగండి.

అపోహ: ఇది ఉత్త మొహమాటం.

మొహమాటస్థుడు మొదట్లో నలిగినా నాలుగు రోజుల్లో కలిసిపోతాడు. ఆరు నెలలకు పైగా ప్రెజెంటేషన్లు ఎగ్గొట్టడం, గ్రూప్ డిస్కషన్ ఉందని ప్లేస్‌మెంట్ వదులుకోవడం, తన యాస వింటే నవ్వుతారని క్యాంటీన్‌కే వెళ్లకపోవడం మొహమాటం కాదు. అలాగని సోషల్ యాంగ్జైటీ ఉన్నవాళ్లంతా ఆత్మహత్యకు దగ్గరగా ఉన్నారని హడలిపోవద్దు. ఎక్కువమందికి ఆ ఆలోచనే రాదు. దానికి డిప్రెషన్, మద్యం, తప్పి మిగిలిపోయిన సబ్జెక్టులు (బ్యాక్‌లాగ్‌లు), "ఇంటికి భారమయ్యాను" అన్న భావం తోడైనప్పుడు ప్రమాదం పెరుగుతుంది. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) లెక్క. వాటిని మార్కులకో ప్రేమకో ముడిపెట్టి తేల్చేసే పుకార్లు వింటే కోపమొస్తుంది.

అపోహ: బలవంతంగా స్టేజీ ఎక్కిస్తే పోతుంది.

పోదు, ముదురుతుంది. సీబీటీలో, అంటే ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే చికిత్సలో, ఎనిమిది పది మెట్లు రాసుకుంటాం. కొట్లో వచ్చీరాని కన్నడలో "ఎష్టు?" (ఎంత?) అనడం మొదటి మెట్టు కావచ్చు, ల్యాబ్‌లో ఒక డౌటు అడగడం నాలుగోది, క్లాసులో రెండు నిమిషాలు మాట్లాడడం చివరిది. భయం కాస్త తగ్గేదాకా అక్కడే ఉండాలి, మళ్లీ మళ్లీ చేయాలి. ఫోన్లో తలదూర్చడం, ప్రతి వాక్యం ముందే బట్టీ పట్టడం లాంటి రక్షణ కవచాలు మానకపోతే మెట్లెక్కినా ఫలితం రాదు. మామూలుగా 12 నుంచి 16 సెషన్లు పడుతుంది.

అపోహ: మందులు అలవాటైపోతాయి.

ఈ జబ్బుకు రోజూ వాడే ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటి మందులు వ్యసనం కావు. పని చేయడానికి నాలుగు నుంచి ఆరు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. పది రోజులకే "లాభం లేదు" అని ఆపేయొద్దు. కొన్ని వారాలు వాడాక ఉన్నట్టుండి ఆపేస్తే తల తిరగడం, కరెంటు కొట్టినట్టుండడం రావచ్చు, అందుకే డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. 25 ఏళ్లలోపు వాళ్లను మొదటి వారాల్లో దగ్గరగా గమనించండి. అశాంతి, నిద్రలేమి, చావు ఆలోచనలు పెరిగితే ఆ రోజే డాక్టరుకు చెప్పాలి. అలవాటయ్యే ప్రమాదం నిజంగా ఉన్నది ఆందోళనను వెంటనే తగ్గించే ఆల్ప్రజోలామ్ లాంటి వాటితో. వైవా ముందు స్నేహితుడిచ్చిన, గుండె దడ తగ్గించే ప్రొప్రనలాల్ కూడా వద్దు, ఆస్తమా ఉంటే ముప్పు.

అపోహ: బయటికి తెలిస్తే పోలీసు కేసు, కాలేజీలో పరువు పోతుంది.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి. అవసరమైంది చికిత్స, శిక్ష కాదు. చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలని కూడా అదే చట్టం చెబుతోంది.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416. ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఫోన్‌లో మాట్లాడడమే భయమైనవాళ్లు మొదటి వాక్యం కాగితం మీద రాసుకుని చదవండి: "నాకు మాట్లాడాలంటే భయం, చచ్చిపోవాలనిపిస్తోంది." అదీ కష్టమైతే రూమ్మేట్‌ను ఆ నంబరుకు డయల్ చేసి స్పీకర్‌లో పెట్టమనండి, ఆ వాక్యం వాళ్లనే చదవమనండి.