హోమర్ దృష్టిలో అనాగరికుడెవరు?

ట్రాయ్ యుద్ధం అనగానే ఇటు నాగరిక గ్రీకులు, అటు ఆసియా అనాగరికులు అని గీత గీసేస్తుంటారు. ఆ గీత ఆ యుద్ధాన్ని పాడిన ప్రాచీన గ్రీకు కవి హోమర్ గీసింది కాదు. ఆయన కావ్యాలు ఇలియడ్ (ట్రాయ్ యుద్ధ కథ), ఒడిస్సీ (ఆ యుద్ధం ముగిశాక గ్రీకు వీరుడు ఒడిస్సియస్ ఇంటికి చేరే కథ) కలిపి 27 వేల పాదాలకు పైనే. అంతటిలో, తర్వాత అనాగరికుడనే అర్థం తెచ్చుకున్న ‘బర్బర’ శబ్దం వినిపించేది ఒక్కసారే, ఇలియడ్ రెండో సర్గ 867వ పాదంలో. ట్రాయ్ పక్షాన మిలేటస్ నుంచి వచ్చిన కారియన్లనే ఆసియా జాతివాళ్లను కవి ‘బర్బరోఫోనోస్’, అంటే ‘బర్బర’ పలుకు పలికేవాళ్లు అంటాడు. అదీ వాళ్ల పలుకు గురించే. గ్రీకులకే అప్పటికి ఉమ్మడి పేరు లేదు, అందుకే హోమర్ ‘బర్బరులు’ అనలేదని క్రీ.పూ. 5వ శతాబ్దపు చరిత్రకారుడు థుసిడిడీస్ గమనించాడు.

ట్రాయ్ వాళ్లు మొక్కేదీ గ్రీకు దేవతలైన జ్యూస్‌కూ ఎథీనాకూనే. ఇలియడ్ ఆరో సర్గలో తాతల నాటి ఆతిథ్యం గుర్తుకు రాగానే గ్రీకు వీరుడు డయోమెడీస్, శత్రుపక్షపు గ్లాకస్ పోరు మానేసి కవచాలు మార్చుకుంటారు. హోమర్‌కు అసలు కొలబద్ద ఇదే: గడప తొక్కినవాడిని ఎలా చూశారు?

ఒడిస్సీ తొమ్మిదో సర్గ దీనికి నిండు ఉదాహరణ. సైక్లోప్‌లనే ఒంటికన్ను రాక్షసులకు దున్నడం, నాటడం తెలియదు. ఓడలు లేవు. నలుగురూ కూడే సభ లేదు, ఉమ్మడి ధర్మం లేదు. ఎవడి ఆలుబిడ్డలకు వాడే శాసనం. అలాగని వాళ్లలో ఒకడైన పాలిఫీమస్ చేతకానివాడు కాదు. మేకపిల్లలను వయసువారీగా వేరు చేస్తాడు, సగం పాలు విరగ్గొట్టి జున్ను బుట్టలకెత్తుతాడు, మిగతా సగం తాగడానికి ఉంచుతాడు. పనితనం ఉన్నా అతిథి ధర్మం లేదు. తన గుహకు వచ్చిన ఒడిస్సియస్ అనుచరులను పూటకు ఇద్దరు చొప్పున ఆరుగురిని తినేస్తాడు. ఒక పాలుకు 20 పాళ్ల నీళ్లు కలపాల్సిన ద్రాక్షసారాయిని నీళ్లు కలపకుండానే మూడుసార్లు తాగి పడిపోతాడు. ‘నిన్ను అందరికన్నా చివర తింటాను’ అన్నదే ఒడిస్సియస్‌కు అతను ప్రకటించిన అతిథి కానుక.

ఊరు, రాజు, సభ ఉంటే చాలదని పదో సర్గ చెబుతుంది. అందులోని లాస్ట్రిగోనియన్లనే రాక్షసజాతికి అవన్నీ ఉన్నాయి, అయినా నరభక్షకులే. గ్రీకులకూ మినహాయింపు లేదు: ట్రాయ్ యువరాజు హెక్టర్ మాంసాన్ని పచ్చిగా కోసి తినేంత కసి తనకు పుడితే బాగుండునంటాడు ఇలియడ్‌లో గ్రీకు వీరుడు అకిలీజ్.

‘బర్బర’ అనే మాట బరువెక్కింది పర్షియాతో గ్రీకుల యుద్ధాల వల్ల. క్రీ.పూ. 480లో పర్షియన్లను గ్రీకులు ఓడించిన సలమిస్ నౌకాయుద్ధం జరిగితే, 472లోనే గ్రీకు నాటకకర్త ఈస్కిలస్ ‘పర్షియన్లు’ నాటకం ఏథెన్స్‌లో ఆడింది. ఆ తర్వాతి నాటకాల్లో ట్రాయ్ వాళ్లు కూడా బర్బరులైపోయారు. కానీ 415లో మరో నాటకకర్త యూరిపిడీస్ ఆ మాటను తిప్పికొట్టాడు. ‘ట్రాయ్ స్త్రీలు’లో తన పసిబిడ్డను కోటగోడ మీంచి తోసేయడానికి తీసుకుపోతుంటే, బర్బర క్రౌర్యాలు కనిపెట్టింది మీరేనని గ్రీకులతో అంటుంది హెక్టర్ భార్య ఆండ్రోమకీ.