పాత పిన్‌బాల్ మెషిన్ మొరాయిస్తే ముందు చూడాల్సింది ఎక్కడ?

పిన్‌బాల్ అంటే వాలుగా ఉన్న బల్ల మీద ఉక్కు బంతిని కొడుతూ స్కోరు తెచ్చుకునే ఆట. 1970ల మధ్య వరకూ చికాగోలో గాట్లీబ్, విలియమ్స్, బాలీ కంపెనీలు చేసిన పిన్‌బాల్ మెషిన్లు తెరిస్తే లోపల కంప్యూటర్ కనిపించదు. ఒక ట్రాన్స్‌ఫార్మర్, వరసగా రిలేలు (కరెంటు అందితే తమంతట తామే మారే స్విచ్‌లు), చిన్న మోటారు, కట్టలు కట్టలుగా వైర్లు, వాటితో పాటు లెక్కలేనన్ని రేకు స్విచ్‌లు ఉంటాయి, అంతే. స్కోరు లెక్కపెట్టాలన్నా, ఇది ఎన్నో బంతో గుర్తుంచుకోవాలన్నా ఇవే దిక్కు. ఇందులో జ్ఞాపకశక్తి అంటే ఒక రిలే పట్టుకుని ఉండటం, లేదా ఒక చక్రం ఫలానా పంటి దగ్గర ఆగి ఉండటం. కాబట్టి మెషిన్ ఏం ఆలోచిస్తోందో కంటితో చూడొచ్చు, అది ఎక్కడ ఆగిపోయిందో కూడా చూడొచ్చు. రిపేరులో సగం పని అక్కడే అయిపోతుంది.

అందరినీ ఏడిపించే ఒక కేసు చూడండి. స్టార్ట్ బటన్ నొక్కారు, లోపల మోటారు గిర్రున తిరుగుతూనే ఉంది, ఆట మాత్రం మొదలవదు. చాలామంది మోటారునే అనుమానిస్తారు గానీ పాపం దాని తప్పేమీ లేదు. ఆట మొదలవ్వాలంటే ముందు స్కోరు చక్రాలన్నీ సున్నాకి రావాలి. మోటారు తిరిగేకొద్దీ పల్సులు వెళ్తుంటాయి, ఒక్కో పల్సుకి చక్రం ఒక్కో అంకె జరుగుతుంది, సున్నాకి చేరగానే దాని వెనకున్న స్విచ్ మారి ఆ చక్రం వంతు అయిపోయిందని చెప్తుంది. ఆ కబురు అన్ని చక్రాల నుంచీ వస్తే గానీ రీసెట్ రిలే వదలదు. ఒక్క చక్రం ఏడు దగ్గర మొండికేసి కూర్చుంటే, దాన్ని కదిలించే కాయిల్‌కి (తీగ చుట్టకి) కరెంటు అందడం లేదన్నా కావాలి, పాత గ్రీజు జిగురులా గట్టిపడి కదలనివ్వడం లేదన్నా కావాలి. అన్నీ సున్నా చూపిస్తున్నా మోటారు ఆగడం లేదంటే మాత్రం ఏదో ఒక సున్నా స్విచ్ మీద కన్నేయాలి, రేకు వంగిపోయి ఉంటుంది లేదా కాంటాక్టుకి మసి పట్టి ఉంటుంది.

గ్రీజు గట్టిపడింది కదా అని కొత్త నూనె పోయకండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పాతదంతా తుడిచేస్తే చాలావరకు అదే సర్దుకుంటుంది. స్విచ్‌లకైతే అదే ఆల్కహాల్‌లో తడిపిన విజిటింగ్ కార్డు ముక్క కాంటాక్టుల మధ్య పెట్టి, రేకుల్ని మెల్లగా నొక్కి పట్టి లాగితే నల్లటి గీత వస్తుంది. గరుకు కాగితం జోలికి పోవద్దు, వెండి కాంటాక్టు అరిగిపోతే మళ్లీ రాదు.

ఇక ఫ్లిప్పర్లు, అంటే బటన్ నొక్కితే లేచి బంతిని పైకి కొట్టే చిన్న చేతులు. 1947లో గాట్లీబ్ తెచ్చిన హంప్టీ డంప్టీతో ఇవి మొదలయ్యాయి, నా లెక్కలో మొత్తం మెషిన్‌లో తెలివైన భాగం ఇదే. దాదాపు 80 గ్రాముల ఉక్కు బంతిని ఎగరగొట్టాలంటే భారీ కరెంటు కావాలి, కానీ ఆటగాడు బటన్ అలాగే పట్టుకుంటే అంత కరెంటుకి కాయిల్ కాలిపోతుంది. అందుకే ఒకే కాయిల్‌లో రెండు చుట్టలు పెట్టారు. లావు తీగ చుట్టకి రెసిస్టెన్స్ కొద్ది ఓములే, సన్న తీగ చుట్టకి అంతకంటే చాలా ఎక్కువ. ఫ్లిప్పర్ కింద ఉన్నప్పుడు ఒక చిన్న స్విచ్ మూసుకుని ఉండి కరెంటు సన్న చుట్టని దాటి పోయేలా చేస్తుంది, దెబ్బంతా లావు చుట్టదే. ఫ్లిప్పర్ పైకి లేచి చివరికి చేరగానే ఆ స్విచ్ తెరుచుకుంటుంది, ఇప్పుడు కరెంటు రెండు చుట్టల్లోంచీ పోవాలి కాబట్టి బాగా తగ్గి, ఫ్లిప్పర్‌ని పట్టి ఉంచడానికి సరిపోయేంతే మిగులుతుంది.

ఇది తెలిస్తే రోగం చూడగానే మందు తెలిసిపోతుంది. ఫ్లిప్పర్ నీరసంగా లేస్తోందా, స్విచ్ సరిగ్గా మూసుకోవడం లేదేమో చూడండి. కాలిన వాసన వస్తోందా, స్విచ్ తెరుచుకోవడం లేదన్నమాట, వెంటనే ఆపేయండి. రెండూ కాకపోతే కాయిల్ లోపలి గొట్టం తీసి చూడండి. పాత లోహపు గొట్టం అరిగి ప్లంజర్ (అందులో కదిలే ఇనుప కడ్డీ) రాసుకుంటుంటే నైలాన్ గొట్టం వేస్తే పోతుంది. ఈ స్విచ్‌కి వాడేది గట్టి టంగ్‌స్టన్ కాంటాక్టు, దీన్ని మాత్రం సన్నటి ఆకురాయితో రుద్దొచ్చు.

ఫ్యూజు పదేపదే పోతుంటే పెద్ద ఫ్యూజు వేసేవాళ్లు, సిగరెట్ ప్యాకెట్ రేకు చుట్టేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఫ్యూజు బతుకుతుంది, వైర్లు కాలతాయి. రేటింగ్ మార్చకుండా, ఇరుక్కుపోయిన కాయిల్ ఏదో వెతకాలి, చేత్తో పట్టుకుంటే వేడిగా ఉండేది అదే. స్విచ్ ఆఫ్ చేసి ఊరుకోకుండా ప్లగ్ కూడా పీకేసి, అప్పుడు ముట్టుకోండి. చాలా పాతవాటికి ఎర్త్ వైరు కూడా ఉండదు, ముందు అది వేయించడం మంచిది.

మెషిన్ అంతా బాగానే ఉండి, బంతి వదలగానే టిల్ట్ పడుతుంటే స్కీమాటిక్ (వైరింగ్ పటం) తీయక్కర్లేదు. లోపల ఒక రింగు మధ్యలో బరువు వేలాడుతుంటుంది, మెషిన్‌ని ఊపితే అది రింగుకి తగిలి ఆట ఆపేస్తుంది. కాళ్లు ఎగుడుదిగుడుగా ఉంటే అది ఊపకుండానే తగులుతుంది. లెవెల్ పెట్టి చూసుకుని, కాలి కింద బోల్టు కొంచెం తిప్పితే సరి.